ఎర్రగా పుట్టిందని మురిశాం, రక్తం చిక్కగా ఉందన్నారు

ప్రశ్న: మాది మదనపల్లె. అమ్మాయి పురిటి కోసం మూడు నెలలుగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాను. ఏడో నెలలో అమ్మాయికి షుగరు బయటపడింది, ఇన్సులిన్ మొదలుపెట్టారు. 37 వారాలు నిండాక ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, 3.2 కిలోలు. దానిమ్మ గింజలా ఎర్రగా ఉందని అందరం మురిసిపోయాం. రెండు గంటలకు సిస్టరు మడమ మీద గుచ్చి రక్తం తీసి, పీసీవీ 71, షుగరు 38 అని చెప్పి, ‘రక్త గట్టి ఇదె’ అంది. బిడ్డకు రక్తం గడ్డకట్టిందనుకుని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కాసేపటికి చేతి నరం నుంచి తీస్తే 66 వచ్చింది. పాలు పట్టించాక షుగరు 54 అయింది. మర్నాటికి పీసీవీ 61. మూడో రోజు కామెర్లు 17 ఉన్నాయని ఒకటిన్నర రోజు నీలం దీపం కింద ఉంచారు. ఆరో రోజు ఇంటికి పంపారు. ఈరోజుకు తొమ్మిది రోజులు.

పూట తిరగకుండా 71 కాస్తా 66 ఎలా అయింది, ల్యాబులో పొరపాటా? మా అల్లుడి స్నేహితుడికి కవలలు పుడితే అందులో ఒక బిడ్డకు ఇలాగే ఉందని రక్తం తీసి సెలైన్ ఎక్కించారట, మా పాపకు ఎందుకు చేయలేదు? అల్లుడు ఫోనులో వెతికితే రక్త క్యాన్సర్ అని వచ్చింది. నేను దానిమ్మపండ్లు, ఖర్జూరాలు, బీట్‌రూట్ తెగ తినిపించానని, ఐరన్ మాత్రలు ఒక్క రోజు కూడా మానకుండా వేయించానని, అందుకే బిడ్డకు రక్తం ఎక్కువైందని మా వియ్యపురాలు అంటున్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంటోంది. ఇప్పుడు రక్తం పలచబడటానికి చక్కెర నీళ్లు పట్టమంటున్నారు. పట్టమంటారా? బారసాల 21వ రోజున పెట్టుకున్నాం.

జవాబు: అమ్మా, ముందు ఆ కన్నడ మాట సంగతి తేలుద్దాం. కన్నడంలో ‘గట్టి హాలు’ అంటే చిక్కటి పాలు. ఆ సిస్టరు చెప్పింది రక్తం చిక్కగా ఉందని, గడ్డకట్టిందని కాదు. మనకు గట్టి అంటే రాయిలా బిగిసినది, కాబట్టి మీ చెవికి గడ్డ అనే వినిపించింది. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా పిల్లలను చూస్తున్నాను. తెలుగు అమ్మమ్మలకూ కన్నడ సిస్టర్లకూ మధ్య ఇలా సగం సగం అర్థమయ్యే మాటలు పెట్టిన కంగారు ఇంతా అంతా కాదు. అసలు అర్థం కాని భాష అయితే మళ్లీ అడుగుతాం. సగం అర్థమైతే అడగం.

ఇక ఆ ఎరుపు. ఎర్రగా పుట్టింది అనడం మన ఇళ్లలో మెచ్చుకోలు, కుంకుమపువ్వు పాలకు కితాబు. కాన్పు గదిలో పనిచేసేవాళ్లు మాత్రం ఆ ఎరుపును ఇంకో కంటితో చూస్తారు. అరిచేతులు, అరికాళ్లు, పెదవులు కాల్చిన ఇటుక రంగులో ఉన్నాయా, గుక్కపట్టి ఏడ్చినప్పుడు ఆ ఎరుపు నేరేడుపండు రంగుకు తిరుగుతోందా అని చూస్తారు. అది మేనిఛాయ కాదు. పల్చటి చర్మం వెనక ఎర్ర రక్తకణాలు కిక్కిరిసి ఉన్న రంగు. పదిహేను రోజులు తిరిగేసరికి ఆ ఎరుపు తగ్గుతుంది, అప్పుడు ‘పాప నల్లబడింది’ అని ఎవరో ఒకరు బాధపడతారు. ఆ బాధకు మాత్రం నా దగ్గర మందు లేదు.

పుట్టిన ప్రతి బిడ్డకూ మనకంటే రక్తకణాలు ఎక్కువే ఉంటాయి. కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు, మాయ ద్వారా వచ్చే ఆక్సిజనే దిక్కు. దాని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి మన ధమనుల్లో ఉండేదానిలో దాదాపు మూడో వంతే. ఆ కొద్దిపాటిని ఒళ్లంతా మోయాలంటే మోసే కూలీలు ఎక్కువ మంది కావాలి. అందుకే పెద్దవాళ్లలో 12, 13 ఉంటే చాలనుకునే హిమోగ్లోబిన్ పుట్టిన బిడ్డకు 14 నుంచి 20 దాకా ఉంటుంది. సమస్య మొదలయ్యేది 22 దాటినప్పుడు, లేదా నరం నుంచి తీసిన రక్తంలో పీసీవీ, అంటే రక్తంలో కణాల శాతం, 65 దాటినప్పుడు. దాన్నే పాలిసైథీమియా అంటారు. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన పిల్లల్లో కూడా 100 మందికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఇది కనిపిస్తుంది. వాళ్లలో చాలామందికి పరీక్ష చేస్తే తప్ప ఉందనే తెలియదు.

పీసీవీ అంటే ఏమిటో మీరు చూడలేదు కాబట్టి చెబుతాను. వెంట్రుక సందంత రంధ్రం ఉండే గాజు గొట్టం, అగ్గిపుల్ల కంటే కాస్త పొడవు. దాన్ని రక్తపు బొట్టుకు ఆనిస్తే రక్తం తనంతట తానే పైకి పాకుతుంది. ఒక కొసను మైనంలాంటి ముద్దతో మూసి, గిరగిరా తిప్పే యంత్రంలో ఐదు నిమిషాలు తిప్పుతారు. బయటికి తీస్తే కింద ముదురు ఎరుపు పట్టీ, పైన లేత పసుపు నీరు, రెండింటి మధ్య తెల్లటి గీత కనిపిస్తాయి. పులిసిన మజ్జిగ మీద తేట నిలుస్తుంది చూడండి, అలాగన్నమాట. గొట్టంలోని రక్తం మొత్తంలో ఎర్ర పట్టీ ఎంత శాతమో అదే పీసీవీ. మీ మనవరాలి గొట్టంలో 100 పాళ్లకు 66 పాళ్లు కణాలు, మిగిలింది నీరు. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో పెద్ద యంత్రమే లెక్క కట్టి కాగితం ఇస్తుంది. అయినా చిక్కదనం మీద అనుమానం వచ్చినప్పుడు ఈ గొట్టాన్ని తిప్పి కంటితో చూసుకునే డాక్టర్లు ఉన్నారు, వాళ్ల చాదస్తం నాకు నచ్చుతుంది.

71 తప్పు కాదు, 66 తప్పు కాదు. మడమ ఒక మాట చెప్పింది, నరం ఇంకో మాట చెప్పింది. ఆపరేషన్ గదిలో ఏసీ, బిడ్డ పాదాలు చల్లగా ఉంటాయి, అక్కడ రక్తం నెమ్మదిగా కదులుతుంది. నీరు పక్కకు తప్పుకుని కణాలు పోగుపడతాయి. కాబట్టి మడమ రక్తంలో పీసీవీ సాధారణంగా 5 నుంచి 15 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. గోరువెచ్చటి గుడ్డ చుట్టి పాదాన్ని వెచ్చబరిచి తీస్తే ఆ తేడా తగ్గుతుంది. అందుకే మడమ లెక్క చూసి ఎవరూ వైద్యం మొదలుపెట్టరు, నరం నుంచి తీసి సరిచూసుకుంటారు. మీ ఆసుపత్రివాళ్లు చేసింది అదే.

రెండో సంగతి, వేళ. పుట్టిన తర్వాత తొలి గంటల్లో రక్తనాళాల్లోని నీరు కొంత ఒంట్లోకి ఇంకుతుంది, కణాలు నాళాల్లోనే మిగిలిపోతాయి. దాంతో పీసీవీ పెరుగుతూ పోయి సుమారు రెండు గంటలకు శిఖరానికి చేరుతుంది. ఆ తర్వాత దిగడం మొదలై ఒక రోజు తిరిగేసరికి పుట్టినప్పటి దగ్గరికి వస్తుంది. మీ పాపకు పరీక్ష చేసింది సరిగ్గా ఆ రెండు గంటల దగ్గరే. అంటే తిరునాళ్ల రోజున ఊరి జనాభా లెక్క రాసినట్టు. మర్నాడు 61కి దిగింది కదా, అది దాని సహజమైన దారి. ఇకమీదట ఏ బిడ్డ గురించి ఎవరు పీసీవీ అంకె చెప్పినా, ఎక్కడి నుంచి తీశారు, పుట్టిన ఎన్ని గంటలకు తీశారు, అప్పుడు బిడ్డ ఎలా ఉంది అని అడగండి. ఈ మూడూ లేని అంకె ఊరూ పేరూ లేని ఉత్తరం లాంటిది.

అయితే చిక్కదనాన్ని చూసి ఎందుకు భయపడతాం? మీరు మదనపల్లెవారు కాబట్టి చెప్పడం తేలిక. అంబలిలో తెడ్డు ఎలాగైనా తిరుగుతుంది. పిండి కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే కొంతవరకు చేతికి పెద్ద తేడా తెలియదు. ఒక హద్దు దాటాక ఇంకో పిడికెడు పడిందంటే చాలు, తెడ్డు మొరాయిస్తుంది, అంబలి కాస్తా సంగటి అవుతుంది. రక్తం కూడా అంతే. 60, 65 దాకా చిక్కదనం మెల్లగా పెరుగుతుంది, ఆపైన ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే 65 దగ్గర గీత గీశారు. అంబలి పారే సందుల్లో సంగటి పారదు. మెదడులో, మూత్రపిండాల్లో, పేగుల్లో ఉండే సన్నటి నాళాల్లో రక్తం నిదానిస్తే బిడ్డ మందకొడిగా పడి ఉంటుంది, పాలు సరిగా తాగదు, వణుకుతుంది, ఊపిరి వేగంగా తీస్తుంది. షుగరు పడిపోతుంది. మరీ ముదిరితే ఫిట్స్ రావడం, మూత్రపిండం నరంలో రక్తం నిజంగానే గడ్డకట్టడం, పేగు దెబ్బతినడం లాంటివి జరుగుతాయి. ఇవి అరుదు. మీ పాపకు వీటిలో ఒక్క షుగరు తగ్గడమే ఉంది, అది పాలతోనే సర్దుకుంది. నిజానికి ఆ షుగరు తగ్గడానికి కూడా చిక్కదనం కంటే తల్లి షుగరే పెద్ద కారణం అయి ఉంటుంది.

ఇక దానిమ్మపండ్ల కేసు. మీ వియ్యపురాలితో నేను తగవు పెట్టుకోలేను కానీ, మీరు నిర్దోషి. తల్లి తిన్న ఇనుము బిడ్డకు ముడిసరుకు మాత్రమే. ఎన్ని కణాలు తయారు చేయాలో నిర్ణయించేది బిడ్డ ఒంట్లో ఆక్సిజన్ పరిస్థితి. ఆక్సిజన్ చాలడం లేదనిపిస్తే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోను పెరిగి, ఎముక మజ్జకు కణాలు పెంచమని ఆజ్ఞ వేస్తుంది. ఆ ఆజ్ఞ లేకుండా గంపెడు ఖర్జూరాలు తిన్నా బిడ్డ రక్తం చిక్కబడదు. ఇటుకలు ఎక్కువ తెచ్చి పోసినంత మాత్రాన ఇంటికి ఇంకో అంతస్తు లేవదు కదా.

మీ ఇంట్లో ఆ ఆజ్ఞ వేయించింది బహుశా షుగరు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అప్పుడు బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువగా తయారు చేసుకుంటుంది, దాంతో ఒళ్లు పెరుగుతుంది, ఆక్సిజన్ ఖర్చూ పెరుగుతుంది. మాయ పంపేది చాలదు. మజ్జకు కబురు వెళ్తుంది, కణాలు పెరుగుతాయి. పుట్టగానే బొడ్డు కోస్తే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, బిడ్డలో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువగానే ఉంటుంది, అందుకని షుగరు పడిపోతుంది. 71, 38 అనే రెండు అంకెలు ఒకే వేరు నుంచి వచ్చాయి. తల్లికి బీపీ ఉండి మాయ సరిగా పనిచేయక బరువు తక్కువగా పుట్టిన పిల్లల్లో, తేదీ దాటిపోయి పుట్టినవాళ్లలో, పొగతాగే తల్లుల పిల్లల్లో కూడా ఇదే జరుగుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో, థైరాయిడ్ మరీ ఎక్కువగా ఉన్న పిల్లల్లో కూడా చూస్తాం, అయితే వాటికి వేరే గుర్తులు ఉంటాయి, పుట్టిన రోజు పరీక్షలోనే డాక్టరు పట్టుకుంటారు.

కవలల సంగతి వేరు. ఒకే మాయను పంచుకునే కవలల్లో రక్తనాళాలు కలిసిపోయి, ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకు పారుతుంది. ఒకరు పాలిపోయి, ఒకరు కమిలినంత ఎర్రగా పుడతారు. మీ అల్లుడి స్నేహితుడి బిడ్డది ఇలాంటి కథే కావచ్చు.

బెంగళూరు ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడి పిల్లలకు రక్తం చిక్కన అని కూడా కొందరు నన్ను అడుగుతుంటారు. మీ ఇంట్లో ఇంకా ఎవరూ అనలేదంటే ఆశ్చర్యమే. ఎత్తైన చోట్ల గాలిలో ఆక్సిజన్ తగ్గి పిల్లలకు కణాలు పెరగడం నిజమే, కానీ అది లేహ్ లాంటి చోట, 3,500 మీటర్ల ఎత్తులో లెక్కకు వస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్లు. మీ మదనపల్లే 700 మీటర్ల దగ్గర ఉంది. ఆ తేడాకు మహా అయితే చలికి స్వెటర్ ఒకటి ఎక్కువ కావాలి.

ఇంకొక కారణం మీరు రాయలేదు కానీ మీ అల్లుడు ఫోనులో వీడియో తీసి ఉంటే అందులో కనిపిస్తుంది. ఇప్పుడు బిడ్డ బయటికి రాగానే బొడ్డుతాడుకు క్లిప్పు వేయరు, కనీసం ఒక నిమిషం ఆగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా అదే. ఆ నిమిషంలో మాయలో మిగిలిన రక్తం 80 మిల్లీలీటర్ల దాకా బిడ్డలోకి చేరుతుంది. దానివల్ల పీసీవీ కొంత పెరుగుతుంది, కామెర్లకు దీపం కింద పెట్టాల్సిన అవసరం కూడా కొందరికి పెరుగుతుంది. అయినా ఎందుకు ఆగుతారంటే, ఆ రక్తంలోని ఇనుము బిడ్డకు తొలి ఆరు నెలలకు దాచిన సొమ్ము. మన పల్లెల్లో మంత్రసానులు మాయ పడేదాకా బొడ్డు కోసేవారు కాదని మీరు వినే ఉంటారు. మధ్యలో ఆసుపత్రులు దాన్ని మరిచిపోయి బిడ్డ పడగానే కత్తెర వేయడం మొదలుపెట్టాయి, మళ్లీ ఇప్పుడు వెనక్కి వచ్చాయి. చివరికి నేర్చుకున్న పాఠం మనవాళ్లకు తెలిసిందే అయిందని నాకు సంతోషం. కనుక డాక్టరు ఆలస్యంగా క్లిప్పు వేశారని వాళ్లతో గొడవ పడకండి.

రక్తం ఎందుకు తీయలేదన్నది మీ ఉత్తరంలో అన్నిటికంటే మంచి ప్రశ్న. ఆ వైద్యాన్ని పాక్షిక రక్తమార్పిడి అంటారు. బొడ్డు నరంలోకి సన్నటి గొట్టం పెట్టి, కొద్దికొద్దిగా రక్తం తీస్తూ అంతే సెలైన్ పోస్తూ, పీసీవీని 55 దగ్గరికి దించుతారు. ఎంత తీయాలో లెక్క ఉంది. ఉదాహరణకు 2 కిలోల బిడ్డ, పీసీవీ 76 అనుకుందాం. కిలోకు 85 మిల్లీలీటర్ల చొప్పున ఒంట్లో ఉన్న రక్తమే 170 మిల్లీలీటర్లు, రెండు చిన్న టీ గ్లాసులు కూడా నిండవు. 76 నుంచి 55 పోతే 21. 170ని 21తో హెచ్చించి 76తో భాగిస్తే 47 మిల్లీలీటర్లు. అంటే ఒంట్లోని రక్తంలో పావు వంతుకు పైగా తీసి సెలైన్ నింపడం. ఇంత చిన్న ప్రాణానికి అది చిన్న పని కాదు.

ఒకప్పుడు 65 దాటితే చాలు, బిడ్డ హాయిగా ఉన్నా ఈ పని చేసేవాళ్లం. నేను చదువుకునే రోజుల్లో అది ధైర్యంగా, చురుగ్గా చేసే వైద్యంగా పేరు తెచ్చుకుంది. తర్వాత ఒక్కొక్క అధ్యయనం చూస్తే, లక్షణాలు లేని పిల్లలకు దీనివల్ల పెరిగాక తెలివితేటల్లో, కదలికల్లో మేలు కలిగిన దాఖలా లేదు. పైగా పేగు దెబ్బతినే ప్రమాదం పెరగవచ్చని తేలింది. 2010లో వెలువడిన కోక్రేన్ సమీక్ష అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి ఇదే చెప్పింది. అందుకని ఇప్పుడు ఎక్కువ మంది అనుసరించే పద్ధతి ఇలా ఉంటుంది: 65 నుంచి 70 మధ్య ఉండి బిడ్డ బాగుంటే పాలు బాగా పట్టించి, షుగరు చూస్తూ, కొన్ని గంటలకు మళ్లీ పీసీవీ చూస్తారు. 70 దాటితే రక్తం తీయకుండా సెలైన్ మాత్రం ఎక్కించే విషయం ఆలోచిస్తారు. 75 దాటినా, లేదా 65 పైన ఉండి చిక్కదనం వల్లనే అనిపించే లక్షణాలు కనిపించినా రక్తమార్పిడి గురించి మాట్లాడతారు. మీ పాప 66తో, చక్కగా పాలు తాగుతూ, మొదటి మెట్టు మీద ఉంది. ఆ కవల బిడ్డ ఏ మెట్టు మీద ఉందో మనకు తెలియదు. మీ డాక్టరు ఏమీ చేయలేదని మీకు అనిపిస్తోంది. కంగారుపడుతున్న కుటుంబం ఎదుట నిలబడి ఏమీ చేయకుండా ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి, ఆయన పక్షాన ఒక మంచి మాట చెప్పాలనిపిస్తోంది.

కామెర్లు దీని వెనకాలే వచ్చే బంధువు. కణాలు ఎక్కువ ఉంటే విరిగేవీ ఎక్కువ. ఒక గ్రాము హిమోగ్లోబిన్ విరిగితే సుమారు 35 మిల్లీగ్రాముల పసుపు పదార్థం పుడుతుంది. దాన్ని శుద్ధి చేయాల్సిన కాలేయం ఇంకా పని నేర్చుకుంటోంది. నీలం కాంతి ఆ పదార్థం రూపు మార్చి పైత్యరసంలో, మూత్రంలో కలిసి బయటికి పోయేలా చేస్తుంది. అపార్ట్‌మెంటు బాల్కనీలో పొద్దుటి ఎండ ఆ పని చేయదు. తొమ్మిదో రోజున కళ్లలో కాస్త పసుపు మిగిలి ఉండటం మామూలే. అరిచేతులూ అరికాళ్లూ పచ్చబడితే, తగ్గిన పసుపు మళ్లీ పెరుగుతుంటే, మలం సున్నంలా తెల్లగా వస్తే ఆ రోజే చూపించండి.

మీ అల్లుడికి ఫోనులో దొరికింది పాలిసైథీమియా వెరా. 1892లో వాకే అనే ఫ్రెంచి వైద్యుడు మొదట వర్ణించిన పెద్దవాళ్ల జబ్బు అది. ఎముక మజ్జ ఎవరి ఆజ్ఞా లేకుండా కణాలు తయారు చేస్తుంది. మీ పాపకు మజ్జ ఆజ్ఞ ప్రకారమే చేసింది, ఆజ్ఞ ఆగగానే ఆపేసింది. పేరులో సగం కలిసింది, అంతే.

చక్కెర నీళ్లు వద్దు. చిన్న పొట్ట ఆ నీళ్లతో నిండితే పాలు తగ్గుతాయి, పాలు తగ్గితే బిడ్డ ఎండిపోతుంది, ఎండిపోతే రక్తం ఇంకా చిక్కబడుతుంది. పలచబరచాలని పట్టింది పని తిరగేస్తుంది. ఆముదం, వసకొమ్ము, గ్రైప్‌వాటర్ కూడా వద్దు. తల్లిపాలు రోజుకు ఎనిమిదిసార్లకు తగ్గకుండా, అడిగినప్పుడల్లా ఇవ్వాలి. ఆరు తడి గుడ్డలు మారుస్తున్నారంటే నీరు చాలుతున్నట్టు. బరువు పుట్టినప్పటి కంటే కొంత తగ్గి, పది నుంచి పద్నాలుగు రోజుల లోపు మళ్లీ 3.2కు రావాలి. ఈ వారంలో ఒకసారి తూకం వేయించండి. చిక్కదనం వల్ల వచ్చే ప్రమాదం చాలావరకు తొలి రెండు మూడు రోజులదే, మీరు ఆ గడప దాటారు. అయినా బిడ్డను లేపినా పాలకు లేవకపోతే, ఊపిరి నిమిషానికి 60 దాటుతుంటే, పెదవులూ నాలుకా నీలంగా మారితే, చెయ్యి పట్టుకున్నా వణుకు ఆగకపోతే, పొట్ట ఉబ్బి ఆకుపచ్చగా కక్కితే, మూత్రంలోనో మలంలోనో రక్తం కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి బయలుదేరండి.

మెదడు గురించి మీరు అడగలేదు, అడగడానికి భయపడ్డారనుకుంటాను. ఈ అంకెలతో, ఈ పాపకు తల స్కాన్ చేయించమని నేను చెప్పను. నెలన్నర, రెండు నెలలకు మీ ముఖం చూసి నవ్వాలి, నాలుగో నెలకు మెడ నిలపాలి. టీకాల కోసం వెళ్లినప్పుడల్లా డాక్టరు వీటిని చూస్తారు, అది చాలు.

ఇంకో రెండు నెలలకు మీరు నాకు మళ్లీ రాస్తారని కూడా ఊహించగలను. నవజాత శిశువు కణాల ఆయుష్షు 60 నుంచి 90 రోజులే, మనవి 120 రోజులు బతుకుతాయి. బయట ఆక్సిజన్ పుష్కలంగా ఉంది కాబట్టి మజ్జ కొన్ని వారాలు చేతులు కట్టుకుని కూర్చుంటుంది. పాత కణాలు పోతాయి, కొత్తవి రావు. రెండు మూడు నెలలకు హిమోగ్లోబిన్ 9 నుంచి 11 మధ్యకు దిగుతుంది. మొన్న రక్తం ఎక్కువన్నారు, ఇప్పుడు తక్కువంటున్నారు అని మీరు గుండెలు బాదుకోకండి. అది అందరు పిల్లల్లో జరిగేదే, విరిగిన కణాల ఇనుము బిడ్డ ఒంట్లోనే నిల్వ ఉంటుంది.

ఇప్పుడు మీ అమ్మాయి. ఇంటిల్లిపాదీ బిడ్డ రక్తం చుట్టూ తిరుగుతున్నారు, ఆవిడ సంగతి ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది. వియ్యపురాలి మాట విని ఐరన్ మాత్రలు ఆపించి ఉంటే ఈ పూటే మళ్లీ మొదలుపెట్టించండి. కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలని మన దేశంలో ఆరోగ్య శాఖ నియమం. అలాగే కాన్పు అయిన ఆరు వారాలకు ఖాళీ కడుపుతో 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు షుగరు చూడాలి. గర్భంలో షుగరు వచ్చినవారిలో కొందరికి అది పోదు, పోయినవారిలో కూడా చాలామందికి తర్వాతి ఏళ్లలో మళ్లీ వస్తుంది. బిడ్డ టీకాల తేదీ ఎవరూ మరవరు, ఈ పరీక్ష తేదీ మాత్రం పది మందిలో ఎనిమిది మంది మరిచిపోయి నా ముందు నాలుక కరుచుకుంటారు. ఆసుపత్రిలో ఇచ్చిన తాయి కార్డు (తల్లీబిడ్డల వివరాలు రాసే కార్డు) అట్ట మీద ఆ తేదీ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించండి. అప్పటికి మీరు మదనపల్లె వెళ్లిపోయి ఉంటే ఫోను చేసి గుర్తుచేయండి.

బారసాల 21వ రోజున నిశ్చింతగా చేసుకోండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు పాపను ఎత్తుకోకుండా చూసుకోండి. పేరు పెట్టేటప్పుడు ఉంగరానికి తేనె అద్ది నాలుక మీద రాయడం మీ ఇంటి ఆచారమైతే, తేనె మానేయండి. ఏడాది లోపు పిల్లలకు తేనె నుంచి బొట్యులిజం అనే జబ్బు వచ్చే అవకాశం ఉంది. బియ్యంలో పేరు రాసి, ఆ ఉంగరం పాప చేతికి ఒకసారి తాకించి తీసేస్తే సరిపోతుంది.